పదకొండు నొక్కులు

పదకొండు, తొమ్మిదీ పదీ కాదు, సరిగ్గా పదకొండు, మొదటి రెంటికీ మధ్య నాలుగు సెకన్లు, ఆ తరువాత మూడు గబగబా, తరువాత రెండు నిమిషాలు ఏమీ లేదు, ఆయాసం తీర్చుకుని ఉంటుంది, మళ్ళీ నొక్కింది, అబ్బ ఈ మెట్లు, లిఫ్టు ఉండగా మెట్లెక్కడం నాకో పిచ్చి, కాళ్ళు కదిలితే తప్ప బుర్ర కదలదు, చంకలో అట్టపెట్టె, అందులో పన్నెండు బ్యాండ్లు, మణికట్టుకి గడియారంలా కట్టుకునేవి, మధ్యలో ఎర్ర బటన్, ఈ ఆసుపత్రిలో పక్షవాతం నుంచి కోలుకుంటున్న ప్రతి మనిషి చేతికీ ఒకటి, బటన్ నొక్కితే నర్సుల గదిలో గంట మోగాలి, అంతే దాని పని, లోకంలో ఇంతకంటే తేలికైన పని ఉందా అండీ అని మా బుల్లెట్ ఊరంతా చెప్పుకు తిరిగాడు, బుల్లెట్ అంటే మా కంపెనీలో సరుకు అమ్మిపెట్టే మనిషి, మాట తుపాకి గుండులా వస్తుంది కాబట్టి ఆ పేరు, తొమ్మిది రోజుల క్రితం మధ్యాహ్నం ఈ మూడో అంతస్తు చివరి గదిలో ఉండే టైలరమ్మ బాత్‌రూములో పడిపోయి నలభై నిమిషాలు నేల మీదే ఉండిపోయింది, గంట మోగలేదు, నొక్కితేగా మోగడానికి అన్నాడు బుల్లెట్, కంగారులో నొక్కడం మరిచిపోయి ఉంటుంది అన్నారు అందరూ, నిజం చెప్పొద్దూ, నేనూ హాయిగా అదే అనుకున్నాను, బ్యాండులో యాంటెన్నా నాది కదా, తప్పు ఆవిడదైతే నాది కానట్టే, తీరా ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఆవిడ బ్యాండు నా బల్ల మీదికి వస్తే, గీతలు పడ్డ మూత విప్పి అది లోపల రాసుకున్నదంతా చదివితే, పదకొండు నొక్కులు, ఒక్కో నొక్కుకి బ్యాండు మూడేసి సార్లు పిలిచింది, ముప్పై మూడు పిలుపులు, ఒక్కదానికీ బదులు లేదు, సంతోషించాల్సిన విషయం కాదని తెలుసు, అయినా గుండె ఎందుకిలా ఎగురుతోంది, దొంగ అడుగుజాడ దొరికిన పోలీసుకి ఇలాగే ఉంటుందేమో, తప్పు ఈ భవనంలోనే ఎక్కడో ఉంది, గోడలోనో, తలుపులోనో, నా రాగి రేకులోనో, పదకొండున్నరకి ఆసుపత్రివాళ్ళతో మీటింగు, ఆలోపల పట్టుకోవాలి, ఇంకా గంటన్నర ఉంది, ఇంకో మెట్ల వరస ఉంది.

ఆ యాంటెన్నా మీద నమ్మకం నాకు ఊరికే రాలేదు, ఏడు నెలల నమ్మకం అది, మొదట బల్ల మీద మూడు పెట్టుకున్నాను, ఒకటి బియ్యపు గింజంత, బజారులో దొరికేది, తెచ్చి అతికిస్తే చాలు, రెండోది బోర్డు మీదే వంకరటింకరగా అచ్చువేసే రాగి గీత, మూడోది ఇంకా పుట్టలేదు, నా తలలోనే ఉంది, బుల్లెట్‌కి బియ్యపు గింజ తెగ నచ్చింది, చిన్నది, చవక, ముద్దుగా ఉంది మేడం అన్నాడు, ముద్దుగా ఉంటే చెవికి పెట్టుకో అన్నాను, మన రేడియో అల పొడవు ముప్పై నాలుగు సెంటీమీటర్లు నాయనా, యాంటెన్నా నోరారా పలకాలంటే అందులో నాలుగో వంతైనా కావాలి, ఎనిమిదిన్నర, బొటనవేలంత డబ్బాలో అంత చోటెక్కడిది, బియ్యపు గింజ పలకాలన్నా చుట్టూ అరచేయంత బోర్డు ఉండాలి, అదీ లేదు, మరి ఆ ఎనిమిదిన్నర ఎక్కడ తేవాలి అని వారం రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగాను, ఒక సాయంత్రం మా అత్తయ్య వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే ఆవిడ చేతి గడియారం కనబడింది, పట్టీ, ఉన్నాయి, పట్టీలో ఉన్నాయి, కాగితమంత పల్చటి రాగి రేకు పట్టీ మధ్యలో దాచేస్తే సరి, కత్తిపీట ముందు కూర్చున్న మనిషి చెయ్యి పట్టుకుని ఊపేశాను, వేలు తెగుతుంది వదలవే అని కేకలు, ఆ రోజు నుంచి అత్తయ్య చెయ్యి అత్తయ్యది కాదు, నాది, నువ్వు కోడలివా కొలతల మేస్త్రీవా, నేనేమైనా మీ ఆఫీసు స్తంభాన్నా అని సణుగుతూనే చెయ్యి చాపేది, చెయ్యి అంటే రేడియోకి నీళ్ళ సంచి, బల్ల మీద శ్రుతిలో పాడిన రేకు చేతి మీద పెట్టగానే కిందికి జారిపోతుంది, నలభై ఒక్క రేకులు కత్తిరించాను, అప్పటికి తల ప్రాణం తోకకొచ్చింది, చివరికి అర్థమైంది, బల్ల మీద తప్పు పాడాలి, కావాలనే కాస్త పొట్టిగా, కాస్త పై శ్రుతికి కత్తిరిస్తే, చేతికి కట్టగానే జారి వచ్చి సరిగ్గా కావలసిన చోట కూర్చుంటుంది, మా ఎదురు బల్లాయన పరికరం చూసి ఇది తప్పు చూపిస్తోందమ్మా అన్నాడు, కట్టుకుని చూడండి అన్నాను, కట్టుకున్నాడు, చూశాడు, విప్పాడు, మళ్ళీ కట్టుకున్నాడు, ఆ తరువాత టీ ఆయనే తెచ్చి ఇచ్చాడు, అప్పుడు అత్తయ్యని తీసుకొచ్చి రెండు రోజులపాటు ఈ ఆరంతస్తులూ తిప్పాను, డెబ్బై రెండేళ్ళు, అయినా నడక చూడాలి, వీపుకి బద్ద కట్టినట్టు నిటారుగా, ప్రతి గదిలో నిలబడి నొక్కింది, ప్రతి బాత్‌రూములో నిలబడి నొక్కింది, నొక్కినప్పుడల్లా గంట మోగింది, నర్సులు ఇక చాలమ్మా అని దణ్ణం పెట్టేదాకా మోగింది, ఒక్కటీ తప్పలేదు, మరి ఈ పదకొండూ ఎలా తప్పాయి.

చివరి గది ఖాళీగా ఉంది, పరుపు చుట్టి గోడకి ఆనించారు, ఆవిడని నర్సుల గది పక్కకి మార్చారట, ఈ భవనం ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు, చెవి మీద పెన్సిలు, అడిగినదానికి అడిగినంతే చెప్పే మనిషి, వరండా పైకప్పు మీద తెల్ల డబ్బా చూపించి, అదే రిసీవరు, బ్యాండు పిలుపు అందుకునేది, దాన్ని అక్కడెందుకు పెట్టారండీ అని అడిగాను, మీ డ్రాయింగులో అక్కడే ఉందమ్మా అన్నాడు, అవును, నా డ్రాయింగే, నాలుగు గదులకి ఒక్కటి చొప్పున, పైకప్పుకి, ఎవరి చేతికీ అందకుండా, చూడ్డానికి పొందికగా, లాప్‌టాప్ ఆయన చేతికిచ్చి వరండాలో నిలబెట్టి, తెర మీద అంకె వస్తుంది గట్టిగా చదవండి, సున్నాకి ఎంత దూరమైతే అంత బలహీనం, నూట పది దాటితే మా డబ్బాకి చెవుడు అని చెప్పి, బ్యాండు కట్టుకుని బాత్‌రూములోకి వెళ్ళి నిలబడి నొక్కాను, ఎనభై నాలుగు, భేష్, తలుపేసి నొక్కాను, తొంభై, పరవాలేదు, కమోడు మీద కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నొక్కాను, తొంభై తొమ్మిది, ఇదేమిటి, కూర్చున్నంత మాత్రాన తొమ్మిది మెట్లు జారిందేమిటి, తలుపు చూశాను, కింది సగానికి స్టీలు రేకు, నీళ్ళకి పాడవకుండా కొట్టారట, గోడలో ఏముందండీ అని లోపలినుంచే అరిచాను, టైలు పెంకులు పట్టుకోవడానికి ఇనుప వల ఉందమ్మా అన్నాడు, ఎంత ఎత్తు, ఛాతీ దాకా, ఆ పైన ఉత్త గోడే, ఛాతీ దాకా ఇనుము, అంటే ఈ గది కింది సగం ఇనప్పెట్టె, మా అత్తయ్య నొక్కిన ప్రతిసారీ చెయ్యి ఛాతీ మీదికి ఎత్తి నొక్కింది, ఇనప్పెట్టె అంచు పైనుంచి, నా ఏడు నెలలూ, నా నలభై ఒక్క రేకులూ, అన్నీ ఆ అంచు పైనే, ఇంకేం ఆలోచించలేదు, చున్నీ తీసి కొక్కేనికి తగిలించి నేల మీద పడుకున్నాను, నేల తడిగా ఉందమ్మా అంటున్నాడు తలుపు అవతలినుంచి, ఉండనీండి, నొక్కాను, నూట ఆరు.

నూట ఆరు అంటే వినీ వినబడనట్టు, కానీ వినబడింది, ఆవిడది ఒక్కటీ వినబడలేదు, ఎలా పడింది, ఎడమ పక్క చచ్చుబడిన మనిషి, కుడి చేత్తో నొక్కాలి కాబట్టి బ్యాండు ఎడమ చేతికి కడతారు, పడేటప్పుడు మనిషి బలం లేని పక్కకే ఒరుగుతుంది, అంటే ఆ చెయ్యి తన కిందే పడింది, ఎడమ పక్కకి దొర్లాను, బ్యాండు కట్టిన చెయ్యి పక్కటెముకల కింద పెట్టుకుని దాని మీద బరువంతా వేసి, కుడి చెయ్యి పొట్ట మీదుగా దూర్చి వెతికితే బటన్ దొరికింది, నొక్కాను, చదవండి అన్నాను, ఏమీ లేదమ్మా, మళ్ళీ నొక్కాను, ఏమీ రావట్లేదు, మళ్ళీ, లేదు, పెంకు చెంపకి చల్లగా తగులుతోంది, మోచెయ్యి అప్పుడే తిమ్మిరెక్కుతోంది, ఎక్కడో కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది, పైకప్పు ఎంత దూరంగా ఉందో, అక్కడికి నేను నిచ్చెన లేకుండా ఎప్పుడైనా చేరగలనా అనిపించేంత దూరం, నాకు తెలుసు తలుపు అవతల మనిషి ఉన్నాడని, పిలిస్తే వస్తాడని, అయినా నాలుగో నొక్కుకి భయం వేసింది, నిజంగానే వేసింది, అయిదోది భయంతోనే నొక్కాను, అప్పుడు కనబడింది, కళ్ళకి ఎదురుగా, జానెడు దూరంలో, గోడలో చిన్న పసుపు దీపం, ఏమండీ ఈ దీపం ఏమిటి, రాత్రిపూట లేచినవాళ్ళకి కాళ్ళ దగ్గర వెలుగు ఉండాలని పెట్టామమ్మా, అన్ని బాత్‌రూముల్లోనూ ఉందా, ఉంది, కరెంటు ఎక్కడినుంచి, వెనకాల తీగ ఉంది కదమ్మా, లోపల చోటెంత, నాలుగు వేళ్ళు పడుతుంది, నేను లేచేసరికే ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చేశాడు, స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది, ఈ మనిషికి నేను అడగబోయేది అర్థమైపోయింది, దీపం కింద చీకటి అంటారే, ఇక్కడ దీపం వెనకాలే దారి ఉంది, పెట్టెలో బ్యాండ్ల కింద విడిగా తెచ్చుకున్న రిసీవరు ఒకటి తీశాను, దాని యాంటెన్నా పుల్ల నిటారుగా ఉంటుంది, నిటారు పుల్ల నిలబడి వచ్చే అలని బాగా అందుకుంటుంది, పడుకుని వచ్చేదాన్ని చాలావరకు వదిలేస్తుంది, అదీ నేను గీసిందే, వేలితో వంచి ఏటవాలుగా చేశాను, ఇప్పుడు రెండు రకాలూ వింటుంది, బ్యాండుది చిన్న గొంతు, గోరంత బ్యాటరీ, ఈ డబ్బాకి కరెంటు ఉంది, ఇది దగ్గరగా విని పైకి గట్టిగా అరిచి చెబుతుంది, ఆయన దీపాన్ని కాస్త పక్కకి జరిపి డబ్బాని గోడలో కూర్చోబెట్టాడు, నేను మళ్ళీ ఎడమ పక్కకి దొర్లాను, చెయ్యి కింద పెట్టుకుని బరువంతా వేసి నొక్కాను, మళ్ళీ వరండాలో తెర దగ్గరికి వెళ్ళిన ఆయన డెబ్బై ఒకటి అన్నాడు, నాకు నమ్మకం కలగలేదు, మళ్ళీ చదవండి, డెబ్బై ఒకటే అమ్మా, నా కిందినుంచి, నా ఎముకల కిందినుంచి, డెబ్బై ఒకటి, ఆ తడి నేల మీద పడుకునే నవ్వాను, నలభై ఎనిమిది బాత్‌రూములు, నలభై ఎనిమిది దీపాలు, ఒక్క గోడ కూడా పగలగొట్టక్కర్లేదు.

మెరుస్తున్న నల్ల బూట్లు కనబడ్డాయి ముందు, తరువాత బుల్లెట్ మొహం, అయ్యో మేడం పడ్డారా, పడలేదు పడుకున్నాను అని పడుకునే అంతా చెప్పేశాను, ఇనుప వల, దీపం, డెబ్బై ఒకటి, ఊపిరి తిరగకుండా, ఇవాళ నేను బుల్లెట్‌ని మించిపోయాను, వాడి కళ్ళు మెరిశాయి, అద్భుతం, మీటింగులో మొదట ఇదే పెడదాం, మా కొత్త సదుపాయం అని చెబుదాం, పేరు కూడా అప్పుడే పెట్టేశాడు, నేల కాపలా, నాకూ ఉత్సాహంగానే ఉంది, లేచి కొక్కేనికున్న చున్నీ తీసుకుంటూ పదకొండు నొక్కుల సంగతి చెప్పాను, వాడు ఆగాడు, గొంతు తగ్గించి ఎవరెవరికి తెలుసు అన్నాడు, నీకూ నాకూ ఈయనకీ, అయితే దాన్ని వదిలేయండి మేడం, అది తవ్వితే తప్పు మన నెత్తిన పడుతుంది, ఆవిడ కూడా నొక్కానో లేదో అంటోందట కదా, ఎవరికీ నష్టం లేదు, రేపటినుంచి ఎలాగూ మోగుతుంది, ఎలక్ట్రీషియన్ మావైపు చూడకుండా స్క్రూ బిగిస్తున్నాడు, నేను కాదనలేదు, ఇది నా గురించి నేను చెప్పుకోవలసిన మాట, కాదనలేదు, దారి దొరికింది కదా, జరిగిపోయినదాన్ని పట్టుకుని వేలాడ్డమెందుకు అని నా మనసు కూడా అప్పటికే అటు జారుతోంది, ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఎవరి గురించో అనుకుంటాం, ఒక్క అనుమానం మాత్రం మిగిలింది, నేను ఎడమ పక్క అనుకున్నది నిజమేనా, ఆవిడని అడిగితే లెక్క పక్కాగా ఉంటుంది, అంతకోసమే వెళ్ళాను, వేరే ఏ మంచితనం కోసమూ కాదు.

టైలరమ్మ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది, అరవై దాటి ఉంటాయి, ఎడమ చెయ్యి ఒళ్ళో నిద్రపోతున్నట్టు పడి ఉంది, ఒళ్ళో చిన్న పుస్తకం, అందులో ఇవాళ ఏ వారమో పదిహేను సార్లు రాసి ఉంది, కింద జంతువుల పేర్లు, కూరగాయల పేర్లు, బళ్ళో వేసినట్టు వేశారమ్మా నన్ను, మతి నిలవడానికి ఈ రాతలట అని నవ్వింది, నవ్వు మొహంలో ఒక పక్కకే వచ్చింది, ఏ పక్కకి పడ్డారు అని అడిగాను, ఎడమ పక్కకే, ఆ చెయ్యి నా మాట వినదుగా, నాతోపాటు పడి నా కిందే పడుకుంది అంది, సరిపోయింది, లేచి వచ్చెయ్యొచ్చు, లేస్తుంటే అడిగింది, బటన్ గురించి వచ్చారా, నొక్కలేదని రాసుకున్నారు కదా, నాకు నొక్కినట్టే ఉంది, కానీ అందరూ లేదంటుంటే నేనేం చెప్పను, మొన్న శుక్రవారం ఇంటికి పంపాలి నన్ను, కింద కొట్టు, పైన గది, ముప్పై ఏళ్ళుగా ఒక్కదాన్నే ఉన్నాను, ఇప్పుడు డాక్టరు గారు కాగితం మీద రాశారు, ఆపదలో బటన్ నొక్కాలన్న గుర్తు లేదు, ఒంటరిగా ఉండకూడదు అని, మా అమ్మాయి కుట్టు మిషన్లు ఎవరికైనా ఇచ్చేద్దాం అంటోంది, దాని తప్పేముంది, తల్లికి మతి పోయిందంటే భయపడదూ, ఎవరికీ నష్టం లేదు అన్నాడు బుల్లెట్, ఎవరికీ, నేను మళ్ళీ కూర్చున్నాను, మీరు నొక్కారండీ, పదకొండు సార్లు నొక్కారు అన్నాను, పదకొండా, నాకు తొమ్మిదే లెక్క ఉంది అంది, మొదట రెండు, తరువాత మూడు గబగబా, తరువాత రెండు నిమిషాలు ఆగారు అంటుండగానే అందుకుంది, ఆగాను, చెయ్యి తిమ్మిరెక్కింది, ఊపిరి సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాను, అయితే నేను నొక్కాను, నేను నొక్కాను అని రెండోసారి తనతోనే చెప్పుకుంది, కుడి చెయ్యి ఆ పుస్తకాన్ని మెల్లగా మూసింది, మరి ఎవరూ రాలేదేం అంది, కోపం లేదు ఆ గొంతులో, తెలుసుకోవాలని ఉంది అంతే, నా పొరపాటమ్మా, వినే డబ్బాని పైకప్పుకి పెట్టాను, నిలబడిన మనిషి చేతికి కొలత తీశాను, మీరు కింద ఉన్నారు అన్నాను, ఆవిడ నన్ను కాసేపు చూసింది, పని నేర్చుకునేవాళ్ళని చూసినట్టు, కొత్తలో నేనూ అంతే, అందరినీ నిలబెట్టి కొలిచేదాన్ని, వంగితే చంకలో పిగిలేది, తిట్లు తిన్నాక కూర్చోబెట్టి కూడా కొలవడం నేర్చుకున్నాను, ఆ పదకొండు సంగతి డాక్టరు గారితో చెబుతారా అంది.

మీటింగు గదిలో గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది, నేనే ఆలస్యం, బుల్లెట్ అప్పటికే నిలబడి నేల కాపలా గురించి చెబుతున్నాడు, బాగా చెబుతున్నాడు, ఆసుపత్రి డైరెక్టరు తల ఊపుతున్నాడు, డాక్టరు టీ తాగుతున్నాడు, మా కంపెనీ పెద్దాయన చేతులు కట్టుకుని సంతృప్తిగా కూర్చున్నాడు, గోడవార పెద్ద నర్సు, నా మోచేతికి ఇంకా బాత్‌రూము తడి, కూర్చోకుండానే పొద్దున తీసిన కాగితం డాక్టరు ముందు పెట్టాను, ఇవి ఆవిడ బటన్ నొక్కిన వేళలు, పదకొండు సార్లు నొక్కారు, మాకు వినబడలేదు, తప్పు మా అమరికది, అందులోనూ నేను గీసిన డ్రాయింగుది అన్నాను, పెద్దాయన కట్టుకున్న చేతులు విప్పాడు, నా ఉద్యోగం గురించి ఆలోచన రావాలి కదా, రాలేదు, చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది, ఇనుప వల గురించి, స్టీలు తలుపు గురించి, మనిషి ఒళ్ళు గురించి, బోర్డు మీద బాత్‌రూము గీసి ఛాతీ ఎత్తున అడ్డగీత గీశాను, కింద పడుకున్న మనిషి, మనిషి కింద చెయ్యి, గోడలో దీపం, డైరెక్టరు కోపంగానే అడిగాడు, మీరు ముందే పడుకుని చూడలేదా, లేదండీ అన్నాను, డాక్టరు మాత్రం కాగితం వదల్లేదు, రెండు నిమిషాల విరామం ఉంది ఇక్కడ, ఆవిడ ఏమంది అని అడిగాడు, ఆవిడే చెప్పింది అన్నాను, ఎందుకని నేను అడక్కముందే, చెయ్యి తిమ్మిరెక్కి ఆగానని, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అంటే ఆవిడ జ్ఞాపకం నా రిపోర్టు కంటే సరిగ్గా ఉంది, ఆ రాత నేను కొట్టేస్తాను, ఇంటి సంగతి సోమవారం మళ్ళీ చూద్దాం అన్నాడు, డైరెక్టరు అంత తేలిగ్గా వదల్లేదు, మీకిద్దామనుకున్న మా రెండో భవనం పని ప్రస్తుతానికి ఆపాం, ఇక్కడి నలభై ఎనిమిదీ మీ సొంత ఖర్చుతో పెట్టాలి, అప్పటిదాకా నర్సులు పావుగంటకోసారి తలుపు తట్టి చూస్తారు అన్నాడు, బయటికి వచ్చాక వరండాలో పెద్దాయన నా పక్కనే నడిచాడు, ముందు నాకు చెప్పి ఉండాల్సింది అన్నాడు, అవును సార్ అన్నాను, నాలుగు అడుగులు వేశాక, రెండు వారాల్లో నలభై ఎనిమిది అవుతాయా అన్నాడు, పది రోజులు చాలు అనేశాను, పది రోజులు ఎలా చాలుతాయో నాకే తెలీదు, అయినా చాలుతాయి, ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, పుల్ల ఏటవాలు ఎంత వంచాలో ఇవాళే కొలవాలి, ప్రతి బాత్‌రూములోనూ నాలుగు పక్కలకీ దొర్లి కొలవాలి, ఈసారి బుల్లెట్‌ని కూడా పడుకోబెడతాను, ఆ బూట్లతోనే.

నర్సుల గది ముందు పెద్ద నర్సు నన్ను ఆపింది, మీకొకటి చూపించాలి అని లోపలికి తీసుకెళ్ళింది, గోడకి మా తెర, నలభై ఎనిమిది గడులు, ఒక్కో రోగికి ఒకటి, అన్నీ పచ్చగా, ప్రతి గడి కిందా క్షేమం అని రాసి ఉంది, ఆ మధ్యాహ్నం నేను ఈ కుర్చీలోనే ఉన్నానమ్మా అంది, చివరి గది ఆవిడ ఎంతకీ వరండాలోకి రాలేదేమిటి అనిపించి రెండుసార్లు ఈ తెర చూశాను, పచ్చగా ఉంది, క్షేమం అని ఉంది, వెళ్ళబోయి మళ్ళీ కూర్చున్నాను, తొమ్మిది రోజులుగా నాకు నిద్ర లేదు, అది చెబుతూ ఆవిడ నన్ను చూడలేదు, తెరనే చూస్తోంది, నేనూ చూశాను, ఎర్ర రంగు ఎప్పుడు, పిలుపు అందినప్పుడు, మరి పచ్చ ఎప్పుడు, అందనప్పుడల్లా, ఆ పట్టిక రాసిన కాగితం నాకు గుర్తుంది, రెండే వరసలు, కింద నా సంతకం, బ్యాండు ప్రతి అరనిమిషానికీ ఉన్నాను అని ఒక్క మాట పంపాలి, ఆ మాట రాకపోతే గడి బూడిద రంగులోకి పోవాలి, అప్పుడు నర్సు లేచి వెళుతుంది, బ్యాటరీ ఎంతకాలం వస్తుంది, నాలుగు నెలలు, కాదు మూడున్నర, పట్టీలో ఇంకో, అని పరిగెడుతున్న బుర్ర అక్కడ ఆగిపోయింది, పొద్దుటినుంచి మొదటిసారి ఆగింది, నలభై నిమిషాలు ఒక మనిషి నేల మీద పడి పిలుస్తుంటే ఆవిడ పేరు మీద క్షేమం అని వెలుగుతూనే ఉంది, అది ఇనుప వల చేసిన పని కాదు, స్టీలు తలుపు చేసిన పని కాదు, ఈ చెయ్యి చేసింది, మాకు వినబడకపోవడం వేరు, వాళ్ళు పిలవకపోవడం వేరు, ఆ రెంటికీ నేను ఒకే రంగు వేశాను.